గతజలసేతుబంధనము: ‘లా జెతే’ చిత్రమునకు ఒక వివరణ

నీరు పోయిన తరువాత కట్ట కట్టుట వ్యర్థమని చెప్పుటకు ‘గతజలసేతుబంధనము’ అను మాట తెలుగు వ్యవహారమున చిరకాలముగా ఉన్నది. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుటను గురించిన సామెతయు ఆ మాటనే చెప్పును. జరిగినది జరిగిపోయినదను నిశ్చయము ఈ రెండింటికిని ఆధారము. కాని ఆ నిశ్చయము ఎంత దృఢమో, ‘అట్లు జరుగకుండిన ఎంత బాగుండెడిది’ అను కోరికయు అంత దృఢము. ఈ రెండింటి ఒరపిడినుండి ఇరువదవ శతాబ్దమున ఒక ప్రత్యేకమైన కథాజాతి పెంపొందినది. అందు నాయకుడు ఏదో ఒక సాధనముచేత గతములోనికి పోవును. పోయి, జరిగినదానిని మార్చుటకు యత్నించును. ఈ జాతికి చెందిన చలనచిత్రమును చూచి బయటికి వచ్చిన ప్రేక్షకుడు సామాన్యముగా ఒక ప్రశ్నతోనే వచ్చును: ‘ఇంతకు అసలు ఏమి జరిగినట్లు?’

ఫ్రెంచి దర్శకుడు క్రిస్ మార్కర్ 1962లో రూపొందించిన ‘లా జెతే’ ఈ జాతి చిత్రములలో మిక్కిలి చిన్నవానిలో ఒకటి. మిక్కిలి చిక్కైన వానిలో ఒకటి. దాని నిడివి 28 నిమిషములు. అందు పాత్రల సంభాషణ లేదు. ఒక కథకుని కంఠము, అప్పుడప్పుడు కొన్ని గుసగుసలు మాత్రము వినిపించును. బొమ్మలు కదలవు, నలుపు తెలుపు ఛాయాచిత్రములు ఒకదాని వెంట ఒకటి తెరపైకి వచ్చి పోవుచుండును. ‘ఛాయాచిత్ర నవల’ అను అర్థము వచ్చెడి మాటతో దర్శకుడే దీనిని పేర్కొన్నాడు. ‘జెతే’ అనగా నీటిలోనికి చొచ్చుకొనిపోయినట్లు నిర్మించిన కట్ట. ఇచ్చట అది పారిస్ నగరపు ఓర్లీ విమానాశ్రయములో సందర్శకులు నిలిచి విమానములను చూచెడి పొడవైన వేదిక. ఫ్రెంచిలో ఈ పేరును పలికినపుడు ‘అక్కడ నేనుంటిని’ అను వాక్యము చెవికి తగులునని కొందరు విమర్శకులు గమనించినారు. ఆ శ్లేష ఉద్దేశింపబడినదైనను కాకున్నను, కథాసారము అందులోనే ఉన్నది.

కథను సంగ్రహముగా చెప్పుట కష్టము కాదు. మూడవ ప్రపంచయుద్ధమునకు కొన్ని సంవత్సరములకు ముందు, ఒక ఆదివారమున తల్లిదండ్రులు ఒక బాలుని విమానములు చూపుటకై ఓర్లీకి తీసికొనివచ్చెదరు. వేదిక చివర నిలిచిన ఒక స్త్రీ ముఖము వాని మనస్సులో నాటుకొనును. అంతలో ఏదో కలకలము. ఒక మనుష్యుడు కూలిపడును. జనము కేకలు వేయును. తాను చూచినది ఒక మనుష్యుని మరణమని ఆ బాలునకు చాలకాలము తరువాత గాని తెలియదు. తరువాత యుద్ధము వచ్చును. పారిస్ నేలమట్టమగును. భూమిపై అణుధూళి వ్యాపించుటచేత బ్రతికినవారు షాయో భవనము క్రింది సొరంగములలో తలదాచుకొందురు. అచ్చట గెలిచినవారు కాపలాదారులు, ఓడినవారు ఖైదీలు.

ఆ కాపలాదారులకు తెలిసిన సంగతి ఒకటి కలదు. మానవజాతికి స్థలములో దారులు మూసుకొనిపోయినవి. ఇక మిగిలినది కాలములో దారి మాత్రమే. ఆహారము, మందులు, శక్తి తెచ్చుకొనుటకై మనుష్యులను గతములోనికిని భవిష్యత్తులోనికిని పంపవలెనని వారి యత్నము. పంపబడిన ఖైదీలు చనిపోవుచున్నారు, లేదా పిచ్చివారగుచున్నారు. కాలాంతరములో మేల్కొనుట రెండవసారి పుట్టుట వంటిది. ఆ దెబ్బకు మనస్సు తట్టుకొనలేకున్నది. కనుక గతమునకు సంబంధించిన ఒక బొమ్మను బలముగా మనస్సులో నిలుపుకొన్నవానికై వారు వెదకుదురు. ఆ స్త్రీ ముఖమును మరువలేని మన కథానాయకుడు అట్లు దొరకును. అతనికి పేరు లేదు.

పదియవ దినమున అతని కన్నులయెదుట గతకాలపు దృశ్యములు లేచును: ఒక ఉదయము, నిజమైన పక్షులు, నిజమైన పిల్లలు. పదునారవ దినమున ఓర్లీ వేదిక కనిపించును, కాని ఎవరును లేరు. ముప్పదియవ దినమున ఆ స్త్రీ ఎదురగును. అప్పటినుండి అతడు మరల మరల ఆమె కడకు పోవును. వారు తోటలలో తిరుగుదురు. అతడు ఎప్పుడు వచ్చునో, ఎప్పుడు మాయమగునో ఆమె అడుగదు. అతనిని తన దయ్యమని పిలుచును. ఏబదియవ దినమున వారు గడ్డి కూరి నిలిపిన జంతువుల ప్రదర్శనశాలలో కలిసికొందురు. అటుపిమ్మట కాపలాదారులు అతనిని భవిష్యత్తులోనికి పంపుదురు. భవిష్యజ్జనులు లోకములోని యంత్రములన్నింటిని మరల నడిపింపగల శక్తిసాధనమును అతని కిత్తురు. పని ముగిసిన తరువాత తనను చంపుదురని అతనికి తెలియును. భవిష్యత్తువారు తమతో ఉండిపొమ్మని పిలుతురు. అతడు అంగీకరింపక, తన బాల్యపు ఆదివారమునకు పంపుమని కోరును. వేదిక చివర ఆమె నిలిచియున్నది. అతడు పరుగెత్తును. అంతలో, శిబిరమునుండి తనను వెంబడించి వచ్చిన మనుష్యుని గుర్తించును. చిన్ననాడు తాను చూచినది తన మరణమేయని ఆ క్షణమున అతనికి బోధపడును.

ప్రేక్షకునకు చిక్కు ఇచ్చటనే మొదలగును. మొదటి సందేహము: ఒకే మనుష్యుడు ఒకే చోట ఇరువురుగా ఎట్లు ఉండగలడు? ఈ చిత్రపు లెక్కలో ఉండగలడు. ఆనాడు వేదికపై బాలుడును ఉన్నాడు, వానియందే పుట్టి పెరిగి తిరిగివచ్చిన పురుషుడును ఉన్నాడు. కథ ప్రారంభములో ప్రేక్షకుడు చూచిన సంఘటనయు, చివర చూచిన సంఘటనయు రెండు కావు, ఒక్కటియే. మొదట బాలుని కన్నులతో, తరువాత పడిపోవుచున్నవాని కన్నులతో చూపబడినది. దీనిని రెండు ఆదివారములుగా లెక్కించినవారికి చిత్రము ఎన్నటికిని విడివడదు.

రెండవ సందేహము: చిన్ననాడే చూచినవాడు తప్పించుకొనరాదా? అతడు చూచినది జ్ఞాపకమున్నది గాని తెలిసినది లేదు. ఒక ముఖము, ఒక శబ్దము, కూలుచున్న ఒక శరీరము, ఇంతే. ఆ శరీరము ఎవరిదో అతడు ఎన్నడును అడుగలేదు. అతనిని జీవితాంతము పట్టియుంచినది స్త్రీ ముఖము. దాని ప్రక్కనున్న మృత్యువును అతడు చూచియు చూడలేదు. తెలియవలసినది తెలిసిన క్షణము, చేయవలసిన కాలము ముగిసిన క్షణము ఒక్కటియే అగుట ఈ కథలోని దుఃఖము.

మూడవ సందేహము ఇంతకంటె లోతైనది. ఆ జ్ఞాపకము ఉన్నందువలననే అతడు ప్రయోగమునకు ఎన్నుకొనబడినాడు. ప్రయోగమునకు ఎన్నుకొనబడినందువలననే వేదికమీద చనిపోయినాడు. చనిపోయినందువలననే ఆ జ్ఞాపకము ఏర్పడినది. ఇందులో ఏది కారణము, ఏది కార్యము? నైయాయికులు దీనిని చక్రక దోషమని తేల్చి పంపివేయుదురు. బీజాంకురన్యాయము చెప్పి దీనిని సమర్థింపబోయినను పొసగదు. అచ్చట విత్తునుండి చెట్టు, చెట్టునుండి వేరొక విత్తు వచ్చును. పరంపర అనాదియైనను ప్రతి విత్తు క్రొత్తది. ఇచ్చట చెట్టు కాసిన విత్తే ఆ చెట్టునకు విత్తు. దీనికి వెలుపలినుండి మొదలు లేదు. భవిష్యజ్జనుల దానమును గూర్చియు ఇట్టి వాదమే చిత్రములో ఉన్నది: మానవజాతి నిలిచియున్నది కనుక, తాను నిలుచుటకు కావలసిన సాధనమును తన గతమునకు అది నిరాకరింపజాలదు. వారు ఇచ్చినందువలన నిలిచినారు, నిలిచినందువలన ఇచ్చినారు. అది కుతర్కమని కథకుడే ఒప్పుకొని, విధి వేసికొన్న మారువేషముగా దానిని గ్రహించినారని చెప్పును.

ఈ చక్రము కవుల కల్పన మాత్రమే కాదు. ఐన్‌స్టీన్ సాపేక్షతా సమీకరణములకు కుర్ట్ గోడెల్ 1949లో కనుగొన్న ఒక పరిష్కారమున, ముందునకే సాగిపోయిన ప్రయాణికుడు తన గతమునకు తిరిగివచ్చెడి మార్గము గణితరీత్యా సాధ్యమగుచున్నది. మనమున్న విశ్వము అట్టిదని దీని అర్థము కాదు. అట్టి మార్గములు ఉండినచో వానిపై జరుగు సంఘటనలు పరస్పరవిరుద్ధములు కాజాలవని, అనగా గతములోనికి పోయినవాడు చేయగలిగినది అదివరకే జరిగియున్న దానిలో భాగమేయని, రష్యను భౌతికశాస్త్రజ్ఞుడు ఈగర్ నొవికొవ్ తరువాతి దశాబ్దములలో ప్రతిపాదించినాడు. మార్కర్ చిత్రము దానికి ముందే ఆ నియమమును సంపూర్ణముగా పాటించినది.

గతయాత్రా కథలను స్థూలముగా రెండు పాయలుగా విభజింపవచ్చును. ఒక పాయలో గతము మెత్తని మట్టి. వ్రేలు పెట్టినచో అచ్చు పడును. రే బ్రాడ్‌బరీ 1952లో ప్రకటించిన ‘ఎ సౌండ్ ఆఫ్ థండర్’ కథలో, ప్రాచీనయుగమున కాలిక్రింద నలిగిన ఒక సీతాకోకచిలుక కారణముగా వర్తమానము మారిపోవును. ఫ్రెంచి రచయిత రెనె బార్జవెల్ 1940ల నాటి ‘ల్ వాయజ్యుర్ ఎంప్రుదాఁ’ నవలలో, తన పూర్వికుని మరణమునకు కారకుడైనవాడు తాను ఎట్లు పుట్టునను చిక్కును లేవనెత్తినాడు. రెండవ పాయలో గతము చెక్కిన రాయి. పోయినవాడు ఆ శిల్పములో తానును ఒక బొమ్మయని తెలిసికొనును. మొదటి పాయ ఉత్సాహము కలిగించును, ఏలయన అందు కర్తకు స్వేచ్ఛ ఉన్నది. రెండవ పాయ విషాదమువైపు మొగ్గును. ‘లా జెతే’ రెండవ పాయకు చెందినది. చూచువారు తరచుగా పొరబడుట, దానిని మొదటి పాయ నియమములతో విప్పబోవుటవలననే.

ఇంకొక విశేషము గమనింపదగినది. ఈ చిత్రములో గతమును మార్చవలెనని ఎవరును యత్నింపరు. యుద్ధమును ఆపుదమని కాపలాదారులు తలపరు. వారికి కావలసినది సరకు. నాయకుడును ఆ స్త్రీని హెచ్చరించినట్లు కథలో లేదు. అతనికి కావలసినది మార్పు కాదు, నివాసము. జరిగినదానిలో మరల ఉండవలెనను కోరిక, జరిగినదానిని సవరింపవలెనను కోరికకంటె ప్రాచీనము, ప్రమాదకరము. సవరింపగోరినవాడు గతముతో పోరాడును. ఉండగోరినవాడు దానికి లొంగిపోవును.

ఈ కథనే మూలముగా గ్రహించి టెరీ గిలియమ్ 1995లో ‘ట్వెల్వ్ మంకీస్’ అను పూర్తినిడివి చిత్రమును తీసినాడు. అందు యుద్ధమునకు మారుగా 1996లో వ్యాపించిన ఒక విషక్రిమి అయిదువందల కోట్లమందిని చంపును. భూగర్భములో మిగిలిన శాస్త్రజ్ఞులు కోల్ అను ఖైదీని గతములోనికి పంపుదురు. వ్యాధిని ఆపుటకు కాదు, ఆ క్రిమి మార్పు చెందకముందున్న రూపమును కనుగొని మందు చేసికొనుటకు. జరిగినదానిని తాను తప్పింపలేనని కోల్ స్పష్టముగానే చెప్పును. వినువారు అతనిని పిచ్చివాడందురు. క్రమముగా అతడే అట్లు అనుకొనసాగును. చివర విమానములో, క్రిమిని మోసికొనిపోవుచున్నవాని ప్రక్క ఆసనములో భవిష్యత్తునుండి వచ్చిన శాస్త్రజ్ఞురాలు కూర్చుండును. ఆమె వ్యాధిని ఆపుటకు వచ్చినదని కొందరు సంతోషించినారు. కాని చిత్రము మొదటినుండి చెప్పిన నియమము ప్రకారము ఆమె వచ్చినది మచ్చు కొరకే. కోట్లమంది మరణము తప్పదు. మిగిలినవారికి మందు దొరకును. ఇది విజయమా, పరాజయమా అను ప్రశ్నకు నియమము తెలిసినవారు మాత్రమే సమాధానము చెప్పగలరు.

తెలుగు ప్రేక్షకులకు కాలయంత్రమును పరిచయము చేసిన చిత్రము సింగీతం శ్రీనివాసరావు 1991లో తీసిన ‘ఆదిత్య 369’. అందు నాయకుడు 1526 నాటి విజయనగరమునకును, అటుపిమ్మట 2504 నాటి భూగర్భలోకమునకును పోవును. కృష్ణదేవరాయల సభను కన్నులార చూడవలెనను జాతి కోరికను అది తీర్చినది. దాని మార్గము విహారమార్గము, హెచ్. జి. వెల్స్ 1895లో ‘ద టైమ్ మెషీన్’ ద్వారా వేసిన త్రోవ అది. మార్కర్ త్రోవ వేరు.

భారతీయ వాఙ్మయమున కాలభేదమును గూర్చిన కథలకు కొదువ లేదు. భాగవత నవమస్కంధములో కకుద్మి తన కూతురు రేవతికి వరుని అడుగుటకై బ్రహ్మలోకమునకు పోవును. అచ్చట గానము ముగియువరకు వేచియున్న కొద్దిసేపటిలో భూమిపై 27 చతుర్యుగములు గడచిపోవును. యోగవాసిష్ఠములో లవణుడను రాజు ఐంద్రజాలికుని మాయచేత కొద్దిసేపటిలో ఒక చండాలుని జీవితమును ఏండ్ల తరబడి అనుభవించును. కాని ఈ కథలలో ఎవరును వెనుకకు పోయి జరిగినదానిని చెరుపరు. పురాణములలో శాపము సామాన్యముగా ఉపసంహరింపబడదు. దానికి విమోచనము చేర్చబడును. అనగా వ్రాసినది కొట్టివేయరు, తరువాతి వాక్యము వ్రాయుదురు. తక్షకునివలన ఏడు దినములలో మరణము నిశ్చయమైనదని వినిన పరీక్షిత్తు శాపమును మార్పించుకొనలేదు. ఆ ఏడు దినములు కథ వినుటకు కూర్చుండినాడు. గడువు తెలిసినవానికి మిగిలిన స్వేచ్ఛ ఏమిటను ప్రశ్నకు భాగవతము చెప్పిన సమాధానము అది. మార్కర్ నాయకుడును గడువు తెలిసినవాడే. అతడు చేసికొన్న ఎన్నిక వేరు, ఫలితము వేరు. పరీక్షిత్తు ముందునకు చూచినాడు. ఇతడు వెనుకకు పరుగెత్తినాడు.

ఈ చిత్రము 1962లో పారిస్‌లో పుట్టుటకు కారణములు లేకపోలేదు. జర్మను ఆక్రమణము ముగిసి అప్పటికి ఇరువది ఏండ్లయినను నిండలేదు. ఆల్జీరియా యుద్ధము ఆ సంవత్సరముననే ముగిసినది. అణుయుద్ధభీతి నిత్యజీవితములో భాగమై ఉండెను. నాజీ శిబిరములను గురించి ఆలెఁ రెనె 1955లో తీసిన ‘నుయి ఎ బ్రుయ్యార్’ చిత్రమునకు మార్కర్ సహాయకుడుగా పనిచేసినాడు. ‘లా జెతే’ సొరంగములలో ప్రయోగకర్తలు గుసగుసలాడునది జర్మను భాషలోనే. జరిగినది జరుగకుండిన బాగుండునని ఒక ఖండమంతయు కోరుకొన్న కాలమది. ఆ కోరికకు చిత్రము ఇచ్చిన సమాధానము కఠినము: గతమునకు పోయినను అచ్చట శిబిరమునుండి తప్పించుకొనజాలవు, శిబిరపు మనుష్యుడు నీ వెంటనే వచ్చును.

చిత్రములోని ఒక దృశ్యము ఈ భావమునకు కీలకము. ఆ స్త్రీపురుషులు ఒక మహావృక్షపు కాండమును కోసి నిలిపిన బిళ్ళ యెదుట నిలుతురు. దాని వలయములపై చారిత్రక సంవత్సరములు గుర్తింపబడియున్నవి. నీవెక్కడివాడవను ప్రశ్నకు అతడు చెట్టు అంచు దాటి, శూన్యములో ఒక చోటును వ్రేలితో చూపును. హిచ్‌కాక్ 1958లో తీసిన ‘వెర్టిగో’లోని ఒక ఘట్టమునకు ఇది మార్కర్ సమర్పించిన గౌరవము. అచ్చట స్త్రీ వలయముల లోపల తన జననమరణములను చూపును. ‘ట్వెల్వ్ మంకీస్’ నాయికానాయకులు దాగికొనిన చిత్రశాలలో తెరపై ఆడుచున్నదియు ఆ ‘వెర్టిగో’ ఘట్టమే.

రచయితలకు ఆసక్తి కలిగింపవలసిన అంశము నిశ్చలచిత్రముల ఎన్నిక. కదలెడి బొమ్మ సదా వర్తమానము. అందులోని మనుష్యుడు మన యెదుట నడచుచుండును. ఛాయాచిత్రము సదా భూతము. అందులోని క్షణము తీసినప్పుడే గడచిపోయినది. గతమును గురించిన చిత్రమును గతకాలపు బొమ్మలతోనే చెప్పుటచేత మార్కర్ క్రియాకాలమును దృశ్యమునకు అమర్చినాడు. చిత్రమంతటిలో ఒక్క చోట, కొన్ని క్షణములు మాత్రము, బొమ్మ కదలును. నిదురించుచున్న ఆ స్త్రీ ముఖము ఒక బొమ్మనుండి మరియొక బొమ్మకు నెమ్మదిగా మారుచుండును. పక్షుల కూతలు హెచ్చుచుండును. హఠాత్తుగా ఆమె కన్నులు తెరచి చూచును. అంతలో ప్రయోగకర్త ముఖము అడ్డువచ్చును. గతము వర్తమానమైన క్షణము అది ఒక్కటియే. ఆ ఒక్క చూపు కొరకు అతడు భవిష్యత్తును కాదన్నాడని గ్రహించినవారికి తుది ఘట్టము వింతగా తోపదు.

తెలుగు వ్యాకరణమున భూత భవిష్యద్వర్తమానములతోపాటు తద్ధర్మము అను నాలుగవది ఒకటి కలదు. ‘సూర్యుడు ఉదయించును’ అనునపుడు అది ఏ ఒక్క దినమునకును చెందదు; ఎప్పటికప్పుడు నిజమగుచుండును. కథాసారము చెప్పువారు ‘వచ్చును, పోవును, చనిపోవును’ అనుట ఈ రూపముననే. ఎన్నిసార్లు చెప్పినను ఆ మనుష్యుడు మరల వేదికపై పరుగెత్తును, మరల కూలును. కథగా మారిన గతము ఇట్టిది. దానిలోనికి ఎవరైనను ఎన్నిసార్లైనను పోవచ్చును. ఒక్క అక్షరమును మార్చరాదు. ‘లా జెతే’ చూచినవారికి కలిగెడి అయోమయము చాలవరకు ఈ నాలుగవ కాలమును మూడవదిగానో మొదటిదిగానో చదువుటవలన కలిగినది.

నీరు పోయిన తరువాత కట్ట కట్టుట వ్యర్థమను మాట అట్లే నిలిచియున్నది. కాని కట్టపై నిలిచి, పోయిన నీటిని చూచువాని చూపు వ్యర్థము కాదు. ఆ బాలుడు ఒక స్త్రీ ముఖమును చూచి, దాని ప్రక్కన పడినవానిని చూడలేదు. యుద్ధములను, శిబిరములను చూచిన తరములును తమకు ప్రియమైన బొమ్మను మాత్రమే జ్ఞాపకముంచుకొని, దాని ప్రక్కన కూలినవారిని మరచుట కద్దు. గతము మారదు, దానిలో చూడక విడిచినదానిని మరల చూచుట మాత్రము సాధ్యము. మార్కర్ నాయకునకు ఆ చూపు చివరి క్షణమున దొరకినది. ప్రేక్షకునకు అది 28 నిమిషములలో దొరకుచున్నది, ఇంటికి తిరిగిపోవుటకు కావలసిన కాలముతో సహా.